జ్వరం లేని గోడ

మా మామ, అమ్మ తమ్ముడు, దేన్నయినా చెయ్యి తిప్పి, వెనకవైపుతో తాకి చూసేవాడు. నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు బేరింగుల వేడి అలాగే చూశాడు మరి.

సింగానల్లూరులో నేను ఇల్లు కట్టేటప్పుడు పడమటి గది అమ్మకని అనుకున్నాం. వేడికి ఆమెకు ఊపిరాడదు. గోడ దేనితో కట్టాలో తేల్చడానికి మామ నన్ను వెంటేసుకుని, సాయంత్రం నాలుగింటికి ముక్కూముఖం తెలియని వాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళి పడమటి గోడలు తాకేవాడు. "దీనికి జొరం ఉండాది, కణ్ణు" అని నాతో, అరవంలో ముద్దుగా పిలుస్తూ, వాళ్ళ ముందే అనేసేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది.

చివరికి నడుమ సందు వదిలి కట్టే జంట ఇటుక గోడ ఆయనకు నచ్చింది. కానీ ఆ సందులో మిల్లు పత్తి, ఆయన అరవ మాటలో పంజు, కూరాలని పట్టుబట్టాడు.

"పంజు చల్లన. నాకి తెలీదా?"

"చెమ్మ పట్టుతాది అయ్యా" అన్నాడు మేస్త్రి.

మామ వింటేనా! నడుమెత్తు గోడలో పత్తి దట్టించాడు. ఒక్క వానకే గోడంతా ముక్కవాసన. మర్నాడు తనే కూర్చుని తడి పత్తంతా పీకాడు.

"గాలే చాలు మేస్త్రీ. మా అక్కకి జబ్బు గోడ కట్టబోయినా."

ఇల్లు పూర్తయ్యాక వచ్చిన ఏప్రిల్‌లో, నాలుగింటికి, అమ్మ ఆ గదిలో నిద్రపోతుంటే మామ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "జొరం లేదు" అన్నాడు మెల్లగా.

మామ ఇప్పుడు లేడు. మొన్న అన్నూరులో ఒకరి కొత్త ఇంటికి వెళ్ళాను. మాటల మధ్య ఆ ఇంటావిడ నన్ను వింతగా చూసింది. చూసుకుంటే, నా చెయ్యి వెనక్కి తిరిగి వాళ్ళ పడమటి గోడ మీద ఉంది.