డర్బన్ గైడమ్మ వాళ్లమ్మ

పోయిన గురువారం సాయంత్రం మా అమ్మాయితో కలిసి ఇక్కడి ఇండియన్ కొట్టుకి వెళ్లాను. అమెరికాలో ఈ ఆల్ఫారెట్టాలో నాకున్న షికారు అదొక్కటే. ఆమె పప్పుల వైపు వెళ్లింది, నేను బెండకాయల దగ్గర నిలబడి ఒక్కోదాని కొసా విరిచి చూస్తున్నాను. మెళ్లో ఆఫీసు కార్డు తియ్యడం మరిచిపోయిన ముప్పయ్యేళ్ల అబ్బాయి ఒకడు పక్కన నిలబడి అదే పని చేస్తూ, "అంకుల్, తెలుగా?" అన్నాడు. అవునన్నాను. "ఇండియాలో ఎక్కడ?" బొబ్బిలి దగ్గరన్నాను. "ఓహ్, నైస్. సర్‌నేమ్ ఏంటంకుల్?" చెప్పాను. అతని కళ్లు ఒక క్షణం ఏదో లెక్క వేశాయి. తేలలేదు. మా ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంది, అది మా పూర్వులు నాకు చేసిన ఒకే ఒక్క ఉపకారం. "అంటే ఎటు సైడు వాళ్లంకుల్?" అని మళ్లీ తవ్వాడు. "బెండకాయల సైడు" అని బండి తోసుకుంటూ వచ్చేశాను. కార్లో మా అమ్మాయి, "ఎందుకు నాన్నా అందరి మీదా ఆ కోపం? పాపం క్యాజువల్‌గా అడిగాడు" అంది. నిజమే, క్యాజువల్‌గానే అడుగుతారు. డర్బన్‌లో కూడా క్యాజువల్‌గానే అడిగారు.

నేను డర్బన్ వెళ్లడంలో నా ప్రయోజకత్వం ఏమీ లేదు. మా వియ్యంకుడు ఈ దేశంలో గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనా, ఆయనలాంటి డాక్టర్లు ఇంకో అయిదుగురూ భార్యల్ని వెంటబెట్టుకుని ఏడాదికొక దేశం చూసొస్తారు. మా ఆవిడ పోయిన మరుసటేడు వాళ్లకి దక్షిణాఫ్రికా వంతు వచ్చింది. వియ్యపురాలు మోకాలి ఆపరేషన్ అయి కదల్లేకపోయింది. ఇంట్లో ఒక్కణ్ణీ గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నాను కదా అని ఆవిడ బదులు నన్ను ఎక్కించారు. నేను ఎనిమిదో తరగతితో చదువాపేసి బొబ్బిలిలో బైండింగ్ షాపులో చేరినవాణ్ణి. లైబ్రరీల పుస్తకాలు కుట్లు ఊడి మా దగ్గరికొచ్చేవి. మైదా జిగురు ఆరేలోపల ఎంత చదివితే అంత. ఊడిన పదహారేసి పేజీల ఫారాలు చేతికందిన వరసలో చదవడం వల్ల కొన్ని రాజ్యాలు ముందు కూలిపోయి తర్వాత వెలిశాయి. అయినా చదివాను, ఇంగ్లీషు కూడా అలాగే అబ్బింది. వ్యానులో ఒక డాక్టరుగారి భార్య "మీ స్పెషాలిటీ ఏంటన్నయ్యగారూ?" అంటే "కుట్లండీ" అన్నాను. సర్జన్ననుకుంది. ఆ మర్యాద రెండు రోజులు నడిచింది.

డర్బన్‌లో మాకు ఒక్క రోజు. గైడు అరవయ్యేళ్ల ఆడమనిషి, మన చాయ, పొట్టి జుట్టు, కాన్వాసు బూట్లు, చేతిలో మడిచిన గొడుగు. ఆ గొడుగు పైకెత్తి మమ్మల్ని బడిపిల్లల్లా నడిపించింది. ముందు రేవుకి తీసుకెళ్లి, చెరుకు తోటల్లో కూలికని ఒప్పందం రాయించుకుని మద్రాసు నుంచి తెచ్చిన మనుషుల్ని ఇక్కడే దించారని చెప్పింది. ఊరుకోవచ్చు కదా, నేను ఊరుకోలేదు. "మద్రాసు ఓడెక్కిన చోటమ్మా. అందులో చాలామందివి విశాఖపట్నం, గంజాం పల్లెలు" అన్నాను. బైండింగుకొచ్చిన ఒక పాత గెజిటీరులో చదివిన సంగతి. ఆమె గొడుగు దించి, "ఆ రెండో ఊరి పేరు మళ్లీ చెప్పండంకుల్" అంది. చెప్పాను. పెదాలు కదిపి ఒకసారి తనూ అనుకుంది. "మా అమ్మ ఆ మాట అంటూంటుంది. అదొక ఊరని నాకు తెలీదు" అంది.

తర్వాత చక్కెర గోదాములు చూశాం, ఇండియన్ మార్కెట్టు చూశాం. అక్కడ కారప్పొడులు గోపురాల్లా పోసి, ఒకదానికి "అత్తగారి అంతు చూసేది" అని ఇంగ్లీషులో అట్టముక్క గుచ్చారు. డాక్టర్ల భార్యలందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మధ్యాహ్నం భోజనానికి, సగం రొట్టె లోపలి మెత్తన తీసేసి అందులో చిక్కుడు గింజల కూర నింపి ఇచ్చారు. కొలెస్ట్రాల్ గురించి చర్చించుకుంటూ అందరూ పూర్తిగా తిన్నారు. అప్పుడు గైడమ్మ గొడుగు ఒళ్లో పెట్టుకుని, ఇంగ్లీషులోనే, ఒక మాట అడిగింది. "మా అమ్మకి తొంభై దాటాయి. మా వీధిలో తెలుగొచ్చిన ఆఖరి మనిషి. మా పిన్ని పోయి నాలుగేళ్లయింది, అప్పట్నించి అమ్మతో తెలుగు మాట్లాడినవాళ్లు లేరు. నాకు రాదు. ఈమధ్య స్టవ్వుతో మాట్లాడుతోంది. బీచికి వెళ్లే ముందు ఒక్క అరగంట మా ఇంటికొచ్చి, మీ ఇష్టమొచ్చింది మాట్లాడండి, చాలు."

ఆడవాళ్లు "అయ్యో పాపం, ష్యూర్" అన్నారు. అంతలో ఒక డాక్టరుగారు, "ఇంతకీ మీ సర్‌నేమ్ ఏంటమ్మా?" అన్నాడు.

"అప్పన్న."

"అది పేరు కదా. ఇంటిపేరు?"

"మా ముత్తాత పేరు. రేవులో కాగితం మీద అదే రాసుకున్నారు. అందరం అప్పన్నలమే. ఇంకోటి లేదు మాకు."

ఆయన మా వియ్యంకుడి వైపు తిరిగి, ఆమెకి రాని భాషలో, "ఏమిట్లు అయ్యుంటారంటారు?" అన్నాడు. "చెరుకు కొట్టడానికి వచ్చారంటే ఇంక అడగడమెందుకు?" అన్నాడు మా వియ్యంకుడు. మాటలు అర్థం కాకపోయినా ఆ చూపు ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. ఆమె గొడుగు మడత సరిచేసుకోవడం మొదలెట్టింది. ఆ తర్వాత అందరికీ గడియారాలు గుర్తొచ్చాయి. డిన్నర్ రిజర్వేషన్ సిక్స్‌కి అన్నారు, బీచ్‌లో సన్‌సెట్ మిస్సవుతామన్నారు. డర్బన్‌కి సముద్రం తూర్పున. అక్కడ సముద్రంలో సూర్యుడు పుడతాడే గాని మునగడు. ఆ సంగతి ఆరుగురు డాక్టర్లకీ విడివిడిగా చెప్పి, "నేను ఆవిడ ఇంటికి వెళ్తున్నాను" అన్నాను.

"బావగారూ, గ్రూపన్నాక ఒక డిసిప్లిన్ ఉండాలి. ముక్కూమొహం తెలియని ఇల్లు" అన్నాడు మా వియ్యంకుడు.

"వెళ్తే తెలుస్తుంది లెండి" అన్నాను.

వాళ్లని బీచిలో దించి ఆమె తన చిన్న కార్లో నన్ను ఊరి చివర చాట్స్‌వర్త్ తీసుకెళ్లింది. కొండ వాలు నిండా ఒకదానికొకటి అంటుకున్న చిన్న ఇళ్లు. వాళ్లకి మునుపు నది ఒడ్డున కూరల తోట ఉండేదట. ఇండియన్లంతా ఒక్కచోటే ఉండాలని తెల్లవాళ్ల ప్రభుత్వం తోట లాక్కుని ఇక్కడికి తోలేసిందట. "ఇది పొద్దున వ్యానులో ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "అది టూర్‌లో లేదంకుల్" అంది.

ముసలమ్మ వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. భుజాన శాలువా, చెవులకి పాతకాలం దుద్దులు. నేను దారిలోనే నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకున్నాను. చేతులు జోడించి, "నమస్కారమండీ. మీ పూర్వీకులది ఏ గ్రామమో తెలియజేస్తారా?" అన్నాను. ఆవిడ కూతురి వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఏమంటాడు ఈయన?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఊళ్లో అందరూ మాట్లాడే మాటని నేను యాభయ్యేళ్లుగా నోట్లోంచి వెళ్లగొడుతూ వచ్చాను. బెజవాడ వైపు వాళ్లు నవ్వారని సగం, ఇక్కడి పార్టీల్లో నవ్వుతారని సగం. పీట దగ్గర నేల మీద కూలబడి, "అమ్మా, మీ తాతోళ్లది ఏ వూరేటి?" అన్నాను.

ఆవిడ చేతిలో బఠాణీలు ఆగిపోయాయి. "ఊరా? నాకేటి తెల్సు బాబూ. అది సరేగాని, పొద్దున ఏటి కూరొండినావు?"

నోటుబుక్కు మూసేశాను. చరిత్ర మీద ఆవిడకి బొత్తిగా ఆసక్తి లేదు. నేను వంకాయ ఎలా వండుతానో అడిగి, తప్పన్నది. తర్వాత గడ్డంతో కూతుర్ని చూపించి, గొంతు కూడా తగ్గించకుండా మొదలెట్టింది. "ఈ గుంటుంది సూడు. అరవయ్యేళ్లొచ్చినాయి, ఒక్కనాడు సరిగ్గా ఉప్పేసిన పాపాన పోలేదు. సెప్తే ఏడుస్తాది. అందుకే సెప్పను."

గైడమ్మ నా ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు పెద్దవి చేసుకుని, "ఏమంటోందంకుల్?" అంది.

"నువ్వు బాగా చూసుకుంటున్నావంటోంది" అన్నాను ఇంగ్లీషులో.

ముసలమ్మకి ఇంగ్లీషు రాదా? తొంభయ్యేళ్లు ఆ దేశంలో బతికింది. శాలువా జారిపోయేలా నవ్వింది. "ఓరి అబద్దాలకోరా! నిన్నిక్కడే ఉంచీసుకుంటాను."

నాలుగేళ్లుగా ఆవిడకి కరువైంది కూతురి ఎదురుగానే కూతురి మీద చాడీలు చెప్పుకునే తోడు. చెల్లెలు పోయి ఆ సుఖం పోయింది. నాకూ పోయింది. ఆ సంగతి నాకు అక్కడ, ఆ నేల మీద తెలిసింది. "మా అమ్మాయి మంచిదే గాని, అన్నాల కాడ నేనేదన్నా మొదలెడితే, షార్ట్‌గా చెప్పు నాన్నా, అంటాదమ్మా" అన్నాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి అంతకు ముందేడే పోయింది. ముసలమ్మ ఇంకో బఠాణీకాయ ఒలిచి, "ఆడకూతురు, పనులుంటాయి. అయినా తప్పే" అని తీర్పు చెప్పింది. అరగంట మూడు గంటలైంది. లేస్తూంటే నా చెయ్యి పట్టుకుని, "ఆదోరాలు పోను సెయ్యి. నాకేటి పనుంది గనక" అంది.

చేశాను. మొదటి ఆదివారం గంట మాట్లాడాం. రెండోసారి ఆవిడకి సరిగ్గా వినపడలేదు. ప్రతిసారీ "ఎవుళు?" అనేది, కూతురు పక్కనుంచి వివరించేది, నేను అరవవలసి వచ్చేది. మేడ మీంచి మా అమ్మాయి, "నాన్నా, ఎవరితో గొడవ?" అని కేకేసింది. సిగ్గేసింది. ఒక ఆదివారం ఇంటికెవరో వచ్చారని మానేశాను, ఇంకోటి గొంతు బాగోలేదని. ఆ తర్వాత ప్రతి వారం, పై ఆదివారం తప్పకుండా అనుకున్నాను. అరగంట లేదన్న డాక్టర్ల మీద మండిపడుతూ వచ్చినవాణ్ణి నేను. నాకు ఆదివారానికీ మంగళవారానికీ తేడా ఏముంది?

ఏడాది దాటాక గైడమ్మ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "అమ్మ గురువారం పోయింది అంకుల్. చివరి తొమ్మిది రోజులూ ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయి తెలుగే మాట్లాడింది. నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట మళ్లీ మళ్లీ అడిగేది. ఏం కావాలంటోందని నర్సు నన్నడిగేది. మీకు ఫోన్ చేద్దామని ఎన్నిసార్లో తీశాను. అమెరికాలో మీరంతా బిజీగా ఉంటారు కదా అని ఊరుకున్నాను."

వెంటనే ఫోన్ చేశాను. ఆ మాట ఎలా అందో ఒకసారి పలకమన్నాను. పాపం పలికింది, మూడుసార్లు పలికింది. ఎన్ని విధాల విన్నా నాకు అందలేదు. ఆమె నన్నే ఓదార్చి పెట్టేసింది.

అప్పుడు పగలు పదకొండు. ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ తొమ్మిది రోజులూ నేనేం చేస్తున్నానో గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. నా అయిదో ఏట మా వీధిలో ఎవరి గేదె ఏ పూట ఈనిందో చెప్పగలను, కుట్టిన పుస్తకాల అట్టల రంగులు చెప్పగలను. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క పూట కూడా గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు. ఏ పనీ లేని కాలం ఎటు పోతుందో నాకు తెలీదు. ఆ వేళకి అవతల ఎవరో అందులో ఒక్క అరగంట కోసం ఎదురుచూస్తున్నారన్నది మాత్రం, అది పోయాకే తెలుస్తుంది.