చలివేంద్రానికి ఏడు కుండలు

మా చిన్నతనంలో ఒక ఏప్రిల్ వారం... మైలవరం దగ్గరి మా ఇంట్లో కుండలు లోపలా, మేము అరుగు మీదా ఉన్నాం.

సోమవారం ఉదయం ఎండ మాడ్చేసింది. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచి, వెనకే నాలుగు చినుకులు పడ్డాయి. కాల్చని పచ్చికుండకు ఆ నాలుగు చినుకులే చాలు... ఒళ్లంతా గుంటలు పడుతుంది. నాన్నగారు, అమ్మ, నేను వాకిట్లో నీడపట్టున ఆరుతున్నవాటిని రెండు చేతులతో అడుగు పట్టి ఒక్కొక్కటే లోపలికి చేర్చాం. ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ ఎండ.

"ఈ మబ్బుకి మన ఇల్లే దొరికిందా? పక్క వీధిలో బట్టలు కూడా ఆరిపోయినయ్," అంది అమ్మ.

మా నాన్నగారు కుమ్మరి. అమ్మ మాటలకు ఎప్పుడూ నవ్వే మనిషి ఆ వారం నవ్వలేదు.

కారణం ఉంది. ఊళ్లో బస్సులు ఆగేచోట కిరాణా కొట్టు సుబ్బారావుగారు ఏటా వేసవిలో చలివేంద్రం పెట్టేవారు. తాటాకు పందిరి, కింద తడి ఇసుక, ఇసుకలో కుదురుగా పన్నెండు పెద్ద కుండలు... దారిన పోయేవారందరికీ ఉచితంగా మంచినీళ్లు. ఆ పన్నెండు కుండలూ ఏటా మావే. ఆ సంవత్సరం మాత్రం ఆయన స్వయంగా మా వాకిట్లోకి వచ్చారు.

"వీరయ్యా, ఆదివారం పొద్దున్నకల్లా పందిట్లో నీళ్లుండాలి. కుండలు అందవంటే ముందే చెప్పు. బెజవాడలో ప్లాస్టిక్ డ్రమ్ములు వచ్చినయ్యంట. కుళాయి కూడా ఉంటదంట."

"డ్రమ్ములో నీళ్లు చల్లబడవండీ," అన్నారు నాన్నగారు.

"చల్లబడకపోయినా పగలవు గదయ్యా."

మంగళ, బుధవారాల్లో ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. గాలి లేదు, వాన లేదు, ఒకటే ఉక్క. బొటనవేలితో నొక్కితే కుండ అడుగు ఇంకా మెత్తగానే ఉంది. కుండలు కాల్చే బట్టీని మేము ఆవం అంటాం. లోపలి దాకా ఆరని కుండను ఆవంలో పెడితే పగిలిపోతుంది. శుక్రవారం ఆవం అంటించకపోతే ఆదివారానికి కుండలు అందవు. నాన్నగారు అన్నం మధ్యలో లేచి, వాకిట్లోకి వెళ్లి, తల పైకెత్తి చూసి, మళ్లీ వచ్చి కూర్చునేవారు.

గురువారం తెల్లవారేసరికి మబ్బు తునక లేదు. పది గంటలకల్లా నేల కాలిపోతోంది. ఆవానికి కావలసిన వరిగడ్డి కోసం అమ్మానాన్నలు పొలాల వైపు వెళ్లారు. కుండలన్నీ పాక నీడలో ఉన్నాయి... నాకప్పుడు పదకొండేళ్లు. రెండు రోజులుగా ఎదురుచూసిన ఎండను వాకిట్లో ఉంచుకుని, కుండలను నీడలో ఉంచడమేమిటి అనిపించింది. ఒక్కొక్కటే మోసి నడివాకిట్లో పెట్టాను. మధ్య మధ్య ఆయాసంతో కూర్చుంటూ ఐదు చేర్చేసరికి గంటన్నర పట్టింది. ఆరోదాని కోసం వెనుదిరుగుతూ మొదటిదాన్ని చూశాను... అడుగున వెంట్రుకంత గీత. కంగారుగా అన్నీ నీడలోకి మోశాను. అప్పటికే ఐదూ నెర్రెలిచ్చాయి.

నాన్నగారు వచ్చి వేలి కణుపుతో ఒక్కొక్కదాన్నీ తట్టి విన్నారు.

"ఎవరు ఎండలో పెట్టారే వీటిని?"

"నేనే నాన్నా... తొందరగా ఆరతాయని."

"ఎండకి పైన బిగుసుకుపోద్ది. లోపల తడి అట్టాగే ఉంటది. అప్పుడది పగలక ఏం చేస్తది?"

"ఆరిందో లేదో కుండ చెప్పాలి. నువ్వు చెబితే ఎట్టా?" అంది అమ్మ.

ఆ ఐదింటినీ నా చేతనే నీళ్ల గుంటలో వేయించారు. చూస్తుండగానే అవి మళ్లీ బురదయ్యాయి.

శుక్రవారం మిగిలిన ఏడింటితోనే ఆవం పేర్చి అంటించారు. మబ్బు కమ్ముతూ, విడిపోతూ ఉంది... అదృష్టం కొద్దీ చినుకు పడలేదు. శనివారం సాయంత్రం బండి మీద కుండలు తీసుకుని సుబ్బారావుగారి కొట్టుకు వెళ్లాం. నేనూ వెంట ఉన్నాను.

"ఏడే ఉన్నయ్యేంటి వీరయ్యా?"

నాన్నగారు నా వైపు చూడలేదు. "మబ్బు పట్టిందండీ. ఆరలేదు," అన్నారు.

కుండల విషయంలో ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

"పోన్లే. మిగతా చోట డ్రమ్ము పెడతాలే," అన్నారు సుబ్బారావుగారు. కోపంగా కాదు... మామూలుగానే.

ఆదివారం పెద్దవాళ్లు కుండల దగ్గరకు వెళ్లారు. పిల్లలు కుళాయి తిప్పే సరదాకు డ్రమ్ము దగ్గర మూగారు. దాచడమెందుకు... నేనూ ఒకసారి తిప్పాను. మరుసటి ఏడు మాకు ఆరు కుండలే చెప్పారు. ఆ పై ఏడు మూడు. నేను పదో తరగతికి వచ్చేసరికి అసలు కబురే రాలేదు.

తరువాత పగలు బట్టల దుకాణంలో పనిచేస్తూ, సాయంత్రపు కళాశాలలో చదివి, ముప్పై నాలుగో ఏట పట్టభద్రురాలినయ్యాను. ఏ మార్పుకైనా కారణాలు అనేకం ఉంటాయని చదువు నేర్పింది. ప్లాస్టిక్ ఎలాగూ వచ్చేదేననీ, ఐదు కుండలు దానిని ఆపగలిగేవి కావనీ నాకు తెలుసు. తెలిసినా... ఈ వారంలా పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం గాలి అయితే చాలు, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి మా కార్యాలయంలో కుదురుగా కూర్చోలేను. పనిలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వస్తుంటాను. ఆరబెట్టినవి ఏమీ లేవు.

నాన్నగారు పోయి తొమ్మిదేళ్లయింది. సుబ్బారావుగారితో అన్న ఆ మాటను ఆయన ఎన్నడూ దిద్దుకోలేదు... నాకు ఎన్నడూ గుర్తు చేయలేదు.

ఇప్పటికీ వేసవి రాగానే పందిళ్లు వేస్తున్నారు, వాటి కింద నీళ్ల టిన్నులు పెడుతున్నారు. దాహం తీరుతోంది, అది సంతోషమే. మీ ఊరి చలివేంద్రంలో కుండలు ఏ సంవత్సరం దాకా ఉన్నాయో జ్ఞాపకం ఉన్నవారు దయచేసి రాయండి... మా ఊళ్లోనే అన్ని ఊళ్లకన్నా ముందు పోయాయేమో, నాకు తెలుసుకోవాలని ఉంది.