బోర్లా పడుకుని చెప్పిన నిజం

నా నడుము ఎలా పోయిందో చెప్పడానికి సౌదీలో, దమ్మామ్‌లోని మా లేబర్ క్యాంపులో మూడు కథలున్నాయి. మూడూ నేను చెప్పినవే. ఇసుకలో కూరుకుపోయిన ఒంటెను ఎత్తబోయానన్నది వాటిలో చిన్నది. అసలు సంగతి, ఒక పొద్దున సేఫ్టీ బూటు లేసు కట్టుకోవడానికి వంగి తుమ్మాను. అంతే. ఇంత మనిషి తుమ్ముకు పడిపోయాడంటే పరువేముంటుంది?

నాది పరంజా పని. రాస్ తనూరా రిఫైనరీలో పైపులకు క్లాంపులు బిగిస్తూ పద్దెనిమిదేళ్లు మేడల ఎత్తున తిరిగాను. తుమ్మిన నాటి నుంచి ఎడమకాలు నా మాట వినడం మానేసింది. పిక్కలో సలుపు, పాదంలో తిమ్మిరి, బొటనవేలు పైకి లేవదు. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి, కాలి నరం మీద కూర్చుందని స్కానింగులో తేలింది.

పడిపోవడానికి అది మంచి కాలం కాదు. సౌదీవాళ్లకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాకత్ లెక్కలో మా కంపెనీ పచ్చ రంగు నుంచి పసుపుకు దిగింది. సౌదీవాళ్లు తక్కువ, బయటివాళ్లం ఎక్కువ. పైగా మా ఒక్కొక్కరి తల మీద కంపెనీ లెవీ కట్టాలి. ఎవరి ఇకామా, అంటే నివాస పర్మిట్, రెన్యువల్ చేయించాలో, ఎవరికి ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపాలో ఫోర్‌మన్ కళ్లతోనే ఏరుతున్నాడు. నిచ్చెన ఎక్కలేని పరంజావాణ్ని ఏరడానికి కళ్లద్దాలు కూడా అక్కర్లేదు. నా ఇకామాకు ఇంకా నాలుగు నెలలుంది. ఆలోగా కాలు తిరిగి రావాలి, లేకపోతే నేను తిరిగి పోవాలి.

డాక్టరు ఈజిప్టు మనిషి. పూర్తి మత్తు ఇవ్వకుండా, నేను మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తానన్నాడు. నడుము పక్కన చిన్న గాటు, అందులోంచి పెన్నంత లావు గొట్టం, దాని కొసన కెమెరా. ఆయన మాటను నాకు తెలుగు చేసింది థియేటర్ నర్సు. కడప ఆవిడ.

"అన్నా, నిద్రపోగూడదు. నొప్పి యాడొస్తే ఆడ, ఉండేదున్నట్టు చెప్పల్ల. నీ మాటను బట్టే ఆయప్ప చెయ్యి కదుల్తాది."

"గట్లనే అక్కా," అన్నాను.

అన్నానే గానీ, గల్ఫ్‌లో మాలాంటివాళ్లు నేర్చుకునే మొదటి విద్య వేరే ఉంది. తెల్లకోటు ఏమడిగినా 'మాఫీ ముష్కిల్', ఏ ఇబ్బందీ లేదు, అనాలి. నొప్పి అన్నవాడు విమానం ఎక్కుతాడని మా నమ్మకం. ఇకామా మెడికల్‌లో దగ్గును గొంతులోనే తొక్కిపట్టి ఛాతీ చూపించినవాళ్లం.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. గొట్టం దిగింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నడుముకు సరిగ్గా నడుమ, లోలోపల, ఎవరో స్పానరు పెట్టి ఒక చుట్టు ఎక్కువ బిగించినట్టు నొప్పి. అది కాలిలోకి పాకలేదు. అక్కడే నిలబడి బిగుస్తోంది.

"నొప్పి ఉందా?" అని అరబీలో అడిగాడు డాక్టరు.

"మాఫీ ముష్కిల్ డాక్టర్! కుల్లు తమామ్!" అంతా భేషుగ్గా ఉందన్నాను, పళ్లు బిగబట్టి.

బల్ల అంచు పట్టుకున్న నా వేళ్లు తెల్లబడటం నర్సు చూసింది. ఆయనకు చెప్పింది. ఆయన చెయ్యి ఆగింది. కసురుకుంటాడనుకున్నాను. నెమ్మదిగా ఏదో చెప్పి ఊరుకున్నాడు. ఆ కసురు ఆవిడ పూర్తి చేసింది.

"ఏమన్నా, ఇదేమన్నా ఇకామా మెడికలా? కెమెరాలో ఆయప్పకు తోవ కనపడ్తాది గానీ నీ నొప్పి కనపడదంట. నువ్వు అబద్దం చెప్తే ఆయప్ప గుడ్డోడేనంట!"

"నిజం చెప్తే పనికి ఫిట్ అని రాస్తడా అక్కా?"

"కాలే లేకుంటే ఫిట్ ఎవురికి రాస్తాడు?"

బల్ల అంచు వదిలేశాను.

"నడుమ గుంజుతుందక్కా. బోల్టు బిగించినట్టు. కాలుకు పోతలేదు."

"అది నరం కాదంటన్నా. ఎముకల ఎనక పైనుంచి కిందికి ఒక పట్టీ ఉంటాదంట. డిస్కు ఒరుసుకోని ఒరుసుకోని అది వాచి, ముక్కకు అతుక్కోనుందంట. దాన్ని ముట్టుకుంటే నడిమిట్ల నొస్తాది. కాల్లోకి జివ్వుమంటే మాత్రం అరిచి చెప్పు."

పట్టీ సంగతి నాకు ఇట్టే అర్థమైంది. పరంజాను గోడకు కట్టి ఉంచే పైపులు కొన్ని ఉంటాయి. పక్కన వేరేది విప్పుతూ వాటిని కదిపితే పైనున్నవాడి ప్రాణం గొంతులోకి వస్తుంది. ఆ పట్టీ మీద డాక్టరు నాలుగు చుక్కల మత్తు వేసి, నా నోటి నుంచి 'తగ్గింది' అనే మాట వచ్చేదాకా కదలలేదు. పద్దెనిమిదేళ్లుగా 'యల్లా యల్లా' అని తరిమేవాళ్లనే చూశాను. కూలివాడి మాట కోసం పనిముట్టు పట్టుకుని ఆగినవాణ్ని ఆ రోజే చూశాను.

అక్కణ్నుంచి ఇద్దరం కలిసి పని చేశాం. "నడుమ." ఆగాడు. "తగ్గింది." కదిలాడు. "కాలు, కాలు!" వెంట్రుకవాసి వెనక్కి జరిగాడు. ముప్పావుగంట సేపు ఒక్క అబద్ధం లేకుండా మాట్లాడాను. మా ఆవిడ వింటే నా గొంతు కాదనేది.

చివరికి రొయ్య తోకంత ముక్క బయటికొచ్చింది. పిక్కలోకి గోరువెచ్చని నీళ్లు పారినట్టయింది.

"బొటనవేలు లేపున్నా," అంది నర్సు.

లేచింది. డాక్టరు నా మడమ మీద తట్టాడు, తోటి పనివాణ్ని తట్టినట్టు.

ఆరు వారాలకు ఫిట్‌నెస్ కాగితం కోసం వెళ్లాను. ఆయన మునివేళ్ల మీద నిలబెట్టాడు, మడమల మీద నడిపించాడు. నొప్పి ఉందా అన్నాడు. నాలుక మీద 'మాఫీ' సిద్ధంగా ఉంది. మింగేశాను. కాలు బాగుంది, వంగితే నడుమ గుంజుతుంది అన్నాను. మూడు నెలలు ఎత్తు ఎక్కకూడదు, బరువు మోయకూడదు, ఆ తర్వాత మామూలే అని రాశాడు.

ఆ కాగితం ఫోర్‌మన్ చేతిలో పెడుతుంటే నా ఎగ్జిట్ నేనే అందిస్తున్నట్టుంది. అతను పెషావర్ మనిషి. రెండుసార్లు చదివాడు. 'ఆ తర్వాత మామూలే' అన్న చోట వేలు పెట్టి, అప్పటిదాకా స్టోరులో కూర్చుని క్లాంపులు పరీక్ష చేయమన్నాడు. రెన్యువల్ జాబితాలో నా పేరు రాశాడు.

"నడుముకు అసలేమైంది?" అన్నాడు రాస్తూనే.

నిజం అలవాటైన నోరు కదా. తుమ్మానని చెప్పాను.

తలెత్తి ఎగాదిగా చూశాడు. "ఝూట్ మత్ బోల్, అబద్ధాలాడకు," అన్నాడు. "ఒంటె సంగతి నాకు ముందే తెలుసు."