నా జబ్బకు తీగలు కట్టిన రోజు

ఆ రోజుల్లో మగవాడి తెలివంతా మోచేతికీ భుజానికీ మధ్యే ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. ఖమ్మంలో వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు చదువుతూ, ఎండైనా చలైనా చేతుల్లేని బనీనుతోనే తిరిగేవాణ్ణి. (కొన్నప్పుడు దానికి చేతులున్నాయి. కత్తెర నాదే.) అలాంటప్పుడు మా కాలేజీకి ఒక పరిశోధన సారు కంప్యూటరూ, సంచి నిండా తీగలూ పట్టుకుని దిగాడు. దండీలు తీసేటప్పుడు చేతి కండ ఎంత పని చేస్తుందో ఆ యంత్రం గీతలు గీసి చూపిస్తుందట. మనుషులు కావాలని ఆయన అనీ అనకముందే నేను బనీను విప్పేశాను. నా వెనకే మా క్లాసులోని ములకలపల్లి పిల్ల కూడా లేచింది. సన్నగా, నెమ్మదిగా ఉండే కబడ్డీ ఆటగత్తె. ఆమె ఒక్కసారి మెచ్చుకోలుగా చూస్తే చాలని ఎన్నాళ్ళుగానో కండలు బిగించి నడుస్తున్నాను. మెడ పట్టేసిందే తప్ప ఫలితం లేదు.

తీగల చివరి అంటుబిళ్ళలు అతకడానికి సారు నా జబ్బ మీది వెంట్రుకలు రేజరుతో గీకుతుంటే, గుమ్మంలోంచి నా రూమ్మేటు, కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి కొడుకు, "మొత్తం గీకుండ్రి సారూ, పండుగకు మేకపోతు తయారైతది!" అని అరిచాడు. ముందు బలమంతా పెట్టి గోడను నెట్టించి, ఆ లెక్క తీసుకుని, తర్వాత దండీలు తీయమన్నాడు సారు. తెర మీద గీతలు పిచ్చెక్కినట్టు ఎగిరాయి. "ఏందిర బై, గాలివాన లెక్కున్నది!" అన్నాడు రూమ్మేటు. నేను పొంగిపోయి, బోర్లా పడేదాకా తీశాను. తర్వాత ఆ పిల్ల తీసింది. గీతలు బద్ధకంగా కదిలి ఊరుకున్నాయి. "పర్వాలేదులే, ఆడపిల్లవు గద," అని ఓదార్చాను కూడా.

"చూసిండ్రా సారూ, నా దెబ్బకు మెషిను అదిరింది!"

సారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "చూశాను నాయనా. ఒక్కో దండీకి నీ చెయ్యి ఉన్న బలమంతా ధారపోస్తోంది. ఆ అమ్మాయి చేతికి అదసలు పనే కాదు. బలమున్న కండ ఇంత గోల చెయ్యదు."

ఆ సాయంత్రం మెస్సులో అన్నం ముద్ద కంచం దాటి పైకి రాలేదు. "నోరు తెరువు పహిల్వాన్," అంటూ రూమ్మేటు తినిపిస్తుండగా ఆ పిల్ల వచ్చి నిలబడింది. "చెయ్యి లేస్తలేదా అన్నా? ఊపిరి బిగబట్టి గట్ల తీస్తరా? రేపు పొద్దుగాల గ్రౌండుకు రా, చూపిస్త." అంత మాటలోనూ నాకు వినిపించింది ఆ 'అన్నా' ఒక్కటే. అయినా సిగ్గు చంపుకుని వెళ్ళాను. దండీ తీయడం నిజంగా నేర్చుకున్నది ఆమె దగ్గరే.

ఇప్పుడు తల్లాడ దగ్గర బడిలో పిల్లలతో దండీలు తీయిస్తుంటాను. "మీరు తీసి చూపియ్యండి సార్," అంటే మాత్రం జల్దీగా విజిల్ ఊదేస్తాను. ఒక్కోసారి బనీను చేతులు కత్తిరించుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. జిల్లాలో తనంతటి మొనగాడు లేడని ఎంత గట్టిగా నమ్మాడో వెధవ! ఆ నమ్మకంలో కాస్త నాకు కిరాయికిస్తే బాగుండును, కనీసం మెట్లెక్కేటప్పుడైనా.