అల్ రువైస్ బురదలో ఒక బూటు, ఒక నవల

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. ఒక రచయితగారు నన్ను చూసి నవల ఎలా అల్లేశారో చెబుతాను. నేను చదివింది ఐదో తరగతి. ఆయన ఎంత చదివారో గానీ, ఎదురుగా ఉన్న మనిషిని నోరు తెరిచి ఒక్క మాట అడగాలన్న సంగతి మాత్రం ఆయనకెవరూ నేర్పలేదు.

తొంభైలలో మా ఆయన ఖతార్‌లో ఒక కంపెనీలో సర్వేయరు. ఒక శుక్రవారం సెలవు చూసుకుని, దోహాలో ఉండే తెలుగువాళ్ళం కొందరం పులిహోర కట్టుకుని, ఉత్తరాన అల్ రువైస్ సముద్రపొడ్డుకు వెళ్ళాం. దేశం నుంచి వచ్చిన రచయితగారు ఆ పూట మాకు అతిథి. లాల్చీ, భుజాన సంచీ, నుదుట ఎప్పుడూ ఒక ముడత. ఆ ముడత లేకపోతే పుస్తకాలు అమ్ముడుపోవు కాబోలు.

నీళ్ళు వెనక్కి పోయి, పడవలన్నీ బురదలో ఒరిగి ఉన్నాయి. పీతను పట్టుకొస్తానని మా ఆయన ఆఫీసు బూట్లతోనే బురదలోకి దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఎడమ బూటు దిగబడింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. పీత తాపీగా వచ్చి ఆ బూటెక్కింది. ఈయన కొంగలా ఒంటికాలి మీద నిలబడి, "ఏమేవ్, అలా చూస్తావేంటి, చెయ్యందించు!" అని కేకలు.

నలుగురిలో మొగుణ్ణి చూసి నవ్వితే ఏం బాగుంటుంది? అటు తిరిగి రాయి మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళవెంట నీళ్ళు.

వెనకనుంచి రచయితగారు వచ్చారు. "ఏడవకు తల్లీ. నాకు అర్థమైంది."

"కాదండీ..." అనబోయాను. నవ్వు ఇంకా తన్నుకొచ్చింది.

"వద్దు, చెప్పకు. నువ్వు చెప్పుకోలేనిది నేను రాస్తాను" అని నిట్టూర్చి, రెండోసారి పులిహోర పెట్టించుకోవడానికి వెళ్ళిపోయారు. పరాయివాళ్ళ దుఃఖం చూస్తే ఆయనకు ఆకలి ఎక్కువవుతుంది కాబోలు.

ఏడాది తిరక్కుండా వారపత్రికలో సీరియల్ మొదలైంది. మా అన్నయ్య నాకు పెట్టిన పచ్చచీర, దాని పసుపు అంచు, గడ్డం మీద నా పుట్టుమచ్చ, ఒంటిబూటు మొగుడు, అన్నీ దించేశారు. కళ్ళు బాగానే పనిచేశాయి పాపం. దోహాలో పెనం తగిలి నా మణికట్టు కాలితే, ఆ మచ్చ మొగుడు ఇస్త్రీపెట్టెతో పెట్టిందట! పుట్టిల్లు తలుచుకుని ఆ సముద్రం వైపు చూస్తూ కుమిలిపోయానట. అది ఉత్తరపు దిక్కు. మా ఊరు అటు లేదు. ఎండ ఎటు పడుతోందో చూసుకున్నా తెలిసేది.

అది చదివి అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయ్, దాచకు. నీ చేతి మీద మచ్చ ఉందా?"

"ఉంది. పెనం తగిలింది అన్నయ్యా."

"నవల్లో ఆవిడా ఇలాగే అబద్ధమాడుతుంది. టికెట్ పంపుతాను, వచ్చెయ్యి."

"మీ బావకివ్వనా ఫోను?"

"నాకు బావ లేడు."

రిసీవర్ పెట్టేసిన చప్పుడు మా ఆయనకూ వినిపించింది. ఆ ఇంట్లో అల్లుడి కంటే కొడుకులా తిరిగిన మనిషి, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఎవరో పెద్దమనిషి కలం దులుపుకున్నందుకు నా పుట్టిల్లు మా ఇద్దరికీ మూసుకుపోయింది.

సెలవు రాగానే వెళ్ళాం. అన్నయ్య నన్ను పలకరించాడు గానీ ఆయన వైపు తలెత్తలేదు. నేను బురద సంగతి మొదలుపెట్టాను. నమ్మడే! అప్పుడు మా ఆయన లేచి, ఎడమ బూటు విప్పి వాకిట్లో పెట్టి, అందరూ చూస్తుండగా ఒంటికాలి మీద నిలబడి, "ఏమేవ్, చెయ్యందించు!" అని కేకపెట్టాడు. నేను రెండు చేతులూ పీత డెక్కల్లా ఆడిస్తూ వచ్చి ఆ బూటు పక్కన చతికిలబడ్డాను.

అన్నయ్య గభాలున అటు తిరిగాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"చాల్లే బావా, పడతావు, కూర్చో" అన్నాడు చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

వెనకనుంచి చూస్తే అచ్చం ఏడుస్తున్నట్టే ఉన్నాడు. నేను వీధి గుమ్మం వైపోసారి చూసుకున్నాను. రచయితలెవరూ లేరు, బతికిపోయాం.

మీ ఇంట్లో కూడా అలా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకునే రోజులు రావాలి. మీ బంధువులు మీ మాటే నమ్మాలి. మీ పొయ్యి మీద పెనం వేడిగా ఉండాలి, మీ చేతులు చల్లగా ఉండాలి.