లోపాల పట్టికలో మాడు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, జనవరిలో, నోవై అనే ఊళ్లోని ఆహార పరీక్షల ల్యాబ్‌లో రుచి విభాగం సూపర్‌వైజర్‌గా ఉన్న నాకు నురుంగ్‌జీ ఫైలు అప్పగించారు. నురుంగ్‌జీ అంటే గిన్నె అడుగున మాడిన అన్నం. కొరియాలో పిల్లలు దానిమీద చక్కెర చల్లుకుని తింటారట. దాన్ని ప్యాకెట్లలో అమ్మే చిన్న ఫ్యాక్టరీ యజమానురాలు హాన్ గారు, డెబ్బై ఏళ్లావిడ, స్వయంగా వచ్చారు. చిన్నప్పటి రుచి తెలియడం లేదని, చెడింది సరుకో తన నాలుకో తేల్చమని అడిగారు. ఆవిడ రుచి చూసి సరేనంటేనే ఏ సరుకైనా గేటు దాటేది. నాలుకే పోయి ఉంటే ఆ పని మానేస్తానన్నారు.

పాత రిపోర్టులు తీశాను. మా దగ్గర తర్ఫీదు పొందిన ఎనిమిదిమంది రుచి చూసి మార్కులు వేస్తారు, లోపం కనిపిస్తే కోస్తారు. ఏటేటా మార్కులు పెరుగుతూనే ఉన్నాయి. పాపం, ఆవిడ నాలుకే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఒక ప్యాకెట్ ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడ రూతు ఒక ముక్క నమిలి, "ఇందులో మాడు టేస్టే లేదేంటండీ? అత్తయ్యగారు గిన్నె గీకి పెడితే మీరూ మీ తమ్ముడూ ఫైట్ చేసుకునేవారట, ఇలాంటి దానికేనా?" అంది.

మర్నాడు లోపాల పట్టిక తెరిస్తే మొదటి గడిలోనే "మాడు వాసన" అని ఉంది. బిస్కెట్ల కోసం నేనే రాసిన పట్టిక అది. ఏళ్ల కిందట ఈ సరుకు మొదటిసారి ల్యాబ్‌కి వచ్చినప్పుడు దాన్నే దీనికీ తగిలించాను. మార్కులు పోకుండా ఫ్యాక్టరీవాళ్లు ఏడాదికింత మంట తగ్గించుకుంటూ వచ్చారు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నాలాంటివాడిని చూసే అని ఉంటారు.

అయినా ఆవిడ నాలుక సంగతి తేలాలి. పాత మంట మీద ఒక వాయి చేయించి, మూడు కప్పుల పరీక్ష పెట్టాం. రెండు కప్పుల్లో ఒకే సరుకు, మూడోదానిలో వేరేది. రంగు తెలియకుండా గదిలో ఎర్ర లైటు. వేరేది ఏదో చెప్పాలి. ఆరుసార్లు పెట్టాం, ఆరుసార్లూ సరిగ్గా పట్టుకున్నారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పాత మంటది ఇప్పటికీ బాగుందా అని అడిగాను.

"బాగుంది. ఇంకాస్త మాడాలి," అన్నారు.

ఆ రోజే "మాడు వాసన"ను లోపాల గడిలోంచి తీసి గుణాల గడిలో వేసి సంతకం పెట్టాను. హాన్ గారు సోమవారం మామూలుగానే రుచి చూసే పనికి వెళ్లారు. ఏ తిండికైనా లోపాలు రాసేముందు దాన్ని చిన్నప్పటినుంచీ తిన్నవాళ్లను అడగాలి. ఈసారికైతే నన్ను నేను అడిగినా సరిపోయేది.