గాలిలో నా వంతు

మా కొబ్బరితోట పొల్లాచ్చికి దగ్గరే అయినా ఫోనుకు టవరు దొరకదు. కేబుల్ నెట్టు మెయిన్ రోడ్డు మీది మా బావమరిది ఇంటి దగ్గరే ఆగిపోయింది. విసిగిపోయిన నా కోడలు ఆ మేడ మీద ఒక తెల్ల డబ్బా, మా నీళ్ల ట్యాంకు మీద ఇంకొకటి ఎదురెదురుగా బిగించి, నెట్టును గాలిలోనే ఇంటికి రప్పించింది. బయట నేను చెప్పింది వేరు. ఢిల్లీకి మూడుసార్లు తిరిగి, ఆ గాలిదారి నా పేర రాయించుకున్నానని.

పక్క తోటామె నమ్మిందనే అనుకున్నాను. నాకు వరసకు కూతురు.

"పెదనాయనా, మా పాపకు తిరుప్పూరు బనియన్ కంపెనీలో కంప్యూటర్ పని వచ్చింది. నెట్టుంటే ఇంట్లోనే చేయొచ్చంట. రోడ్డు మీద మా తమ్ముడి అంగట్లో కనెక్షన్ ఉండాది. మేమూ రెండు డబ్బాలు పెట్టుకుందుమా?"

"లైసెన్సు లేకుండా పెడితే పట్టుకుపోతారు" అన్నాను.

మాది ఆరుగురు పాలివాళ్ల ఉమ్మడి బావి. ఒకరు మోటారు వేస్తే ఇంకొకరికి నీళ్లు దిగిపోతాయి. వంతుల కోసం సగం ఆయుష్షు పోట్లాడినవాణ్ణి. గాలి కూడా అంతే అనుకున్నాను.

శుక్రవారం తెలిసింది, ఆమె కూతురు తన నాలుగు నెలల బిడ్డను తల్లికి వదిలి సోమవారం తిరుప్పూరు హాస్టలుకు పోతుందని. ఆ సంగతీ, నేను చెప్పిన లైసెన్సు మాటా అన్నం దగ్గర కోడలితో అన్నాను. ఆమె గరిటె కింద పెట్టేసింది.

"ఏంటికి మామా అట్ల చెప్పినారు? దీనికి లైసెన్సే వద్దు. ఎవురైనా పెట్టుకోవచ్చు."

"మన నెట్టు తగ్గిపోదా?"

"ఇద్దరూ ఒకే చానల్లో కూర్చుంటే తగులుకుంటాది. ఆళ్లు వేరే చానల్లో పెట్టుకుంటే సెరిపోయె. ఇది బావి కాదు మామా."

తెల్లారి వెళ్లి ఒప్పుకున్నాను. ఢిల్లీ ఒట్టిది, ఉత్తరాన నేను చూసిన ఆఖరి ఊరు తిరుపతి.

"ఢిల్లీ సంగతి మాకు తెలుసులే పెదనాయనా. పట్టుకుపోతారంటేనే భయమేసె" అంది ఆమె.

ఆమె కూతురు మాత్రం నా వైపు చూడలేదు. "సోమవారానికి నెట్టు రాకుంటే నేను బస్సెక్కేదే తాతా" అంది.

ఆ శనివారం సాయంత్రానికే పొల్లాచ్చి నుంచి డబ్బాలు తెచ్చి బిగించారు. నెట్టు రాలేదు. డబ్బాలు ఒకదానికొకటి కనబడాలంట. అడ్డం నా కొబ్బరిచెట్టే, బాగా కాసే చెట్టు. కోడలు నన్ను చూసింది, నేను చెట్టును చూశాను. ఆదివారం మనిషిని ఎక్కించి మట్టలు కొట్టించాను, తిట్టుకుంటూనే.

సోమవారం పొద్దున ఆ పిల్ల తన వసారాలోనే లాప్‌టాప్ తెరిచింది. తల్లి తోటలోకి పోయింది. చీర ఉయ్యాల ఊపే పని నా నెత్తిన పడింది. ఆ బిడ్డ, ఊపడం ఆపితే చాలు, కంపెనీ మొత్తానికీ వినబడేలా ఏడుస్తుంది.